అవతలి రూపాయి, ఇవతలి రూపాయి

భద్రాచలం వైపు నుంచి వచ్చానని చెప్పగానే హాస్టల్లో ఎవడైనా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "రాముడు తానీషాకి ఇచ్చిన ఆరు లక్షలు ఇప్పుడెక్కడున్నాయి బ్రో?" మొదట్లో నవ్వి ఊరుకునేవాణ్ణి. నాణేల పిచ్చి పట్టాక మాత్రం కాగితం తీసి లెక్క వేసి చూపించడం అలవాటైంది. గోల్కొండ కాలపు బంగారు వరహా ఒకటి సుమారు 3.4 గ్రాములు. ఆరు లక్షల వరహాలంటే రెండు టన్నుల పైమాటే. అంత బరువుని ఇద్దరు కుర్రాళ్లు, రామోజీ లక్ష్మోజీ, ఒక్క రాత్రిలో గోల్కొండ కోటకి మోసుకొచ్చి రాజుగారి పడకగదిలో కుప్ప పోశారన్నమాట. ఈ లెక్క మా అమ్మమ్మకి చెబితే, "దేవుడికి బరువేందిరా" అని తీసిపారేసింది.

అయితే ఆ కథలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. మొహరీలన్నా, వరహాలన్నా, మాడలన్నా, చెప్పేవాళ్లు ఎవరైనా సరే రాముడు ఇచ్చింది బంగారమనే చెబుతారు. వెండి రూపాయలని ఎవరూ చెప్పరు. భక్తి వల్ల అలా చెప్పారనుకోవచ్చు. కానీ చరిత్ర కూడా అలాగే ఉంది. అబుల్ హసన్ తానీషా ఏలింది 1672 నుంచి 1687 వరకు. కుతుబ్‌షాహీల రాజ్యంలో పెద్ద లెక్కలు బంగారు వరహాల్లో, సంతలో చిల్లర రాగి నాణేల్లో నడిచేవి. ఆ సుల్తానుల పేరుతో దొరికే నాణేల్లో ఎక్కువ భాగం రాగివే. వెండివి చాలా అరుదు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాలో తహసీలు వసూలు చేసిన రోజుల్లో ఈ అడవి ఊళ్ల రైతు చేతిలో వెండి రూపాయి మెరిసి ఉంటుందని నేననుకోను.

భద్రాద్రి గుడి దగ్గర అమ్మే రామటెంకెల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే రెండో ప్రశ్న ఎప్పుడూ అదే. ఒకవైపు పట్టాభిషేకం, రెండోవైపు రామలక్ష్మణులో ఆంజనేయుడో ఉండే బిళ్లలు అవి. దేశమంతటా రకరకాల కాలాల్లో పూజ కోసం చేయించుకున్నవి. సంతలో చెల్లిన డబ్బు కాదు. పూజలో పెట్టుకోండి, ఇంట్లో తరతరాలుగా ఉంటే అంతకన్నా భద్రంగా దాచుకోండి. "తానీషా కాలంది" అని ఎవరైనా లక్ష అడిగితే మాత్రం దండం పెట్టి పక్కకి తప్పుకోండి. పేరులో ఉన్న ఆ "టెంకె" మాత్రం అసలైన నాణెం పేరే. ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ 13వ శతాబ్దంలో నిలబెట్టిన 11 గ్రాముల వెండి నాణెం పేరు టంకా. బంగ్లాదేశ్ వాళ్ల టాకా కూడా అదే మాట. మనకి టంకసాల అనే మాట ఉండనే ఉంది.

మన నేలకీ ఆ టంకాలకీ పాత చుట్టరికం ఉంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక తుగ్లక్‌లు కొట్టించిన నాణేల మీద టంకసాల ఊరి పేరుగా "ముల్క్-ఇ-తిలంగ్" అని కనిపిస్తుంది, అంటే తెలంగు దేశం. తెలంగాణ అనే పేరు ఎంత పాతదని ఫేస్‌బుక్‌లో కొట్టుకునేవాళ్లకి నేను ఈ నాణెం ఫోటో పంపిస్తుంటాను. ఆ తర్వాత బహమనీలు వెండి టంకాలు కొట్టారు. తర్వాత కుతుబ్‌షాహీల కాలంలో మళ్లీ బంగారం, రాగి. వెండి రూపాయి నిజంగా మన సంతలోకి దిగింది 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాకే. షేర్‌షా 1540లలో ఖాయం చేసిన 11.5 గ్రాముల రూపాయి, మొగలుల సైన్యం వెనకే వచ్చి హైదరాబాద్ టంకసాలలో స్థిరపడింది. ఔరంగజేబు నాణేల మీద ఒక ముచ్చటైన తేడా ఉంటుంది. బంగారు మొహరీ మీద నాణేన్ని సూర్యుడితో పోలుస్తారు, వెండి రూపాయి మీద నిండు చంద్రుడితో పోలుస్తారు. పద్యం మొత్తం దాదాపు అదే, లోహాన్ని బట్టి ఒక్క మాట మారుతుంది. నాణేల మీద అంతకుముందు ఉండే కలిమాని తీయించేసింది కూడా ఆయనే. నాణెం ఎవరెవరి చేతుల్లోనో పడుతుంది, పవిత్రమైన మాటలు మైలపడతాయని.

నేను సేకరిస్తున్నవి ఈ వరసలో చిట్టచివరి కొమ్మకి చెందినవి. హైదరాబాద్ రూపాయలు. మధ్యయుగపు నాణెం కొనే స్తోమత నాకు లేదు, మెస్ బిల్లే అంతంతమాత్రం. కానీ నా దగ్గరున్న మొదటి నాణేలు నేను కొన్నవి కావు. అవి అమ్మమ్మ మెడలోవి.

అమ్మమ్మ వాళ్లది వేలేరుపాడు మండలంలో గోదావరి ఒడ్డు పల్లె. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు, 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీళ్లు రావడం అదే మొదటిసారి. ఊరు ఖాళీ చేయమన్నారు. ట్రాక్టర్ ట్రక్కులో బియ్యం మూట, మేకలు, ఒక ట్రంకు పెట్టె, దాని మీద అమ్మమ్మ. నెల రోజుల తర్వాత నేను వెళితే ఆ పెట్టెలోవన్నీ ఎండలో ఆరబెట్టి ఉన్నాయి. పట్టా కాగితాలు, ముద్దకట్టిన పెళ్లి ఫోటోలు, వాటి మధ్య నల్ల దారానికి గుచ్చిన రూపాయల దండ. వాళ్లమ్మ ఇచ్చిందట. నాణెం పైన చిన్న వెండి కొండీ టంకం వేసి, కొండీలోంచి దారం పోనిచ్చారు. మొత్తం 23. రెండింటికి కొండీ ఊడిపోతే గుడ్డలో మూటగట్టి ఉంచింది.

వాటిలో 9 ఇంగ్లీషువాళ్లవి. రాణి బొమ్మ, ఎడ్వర్డ్ బొమ్మ, జార్జి బొమ్మ, అందరికీ తెలిసినవే. 13 మీద చార్మినార్. మిగిలిన ఒక్కటి మిగతావాటిలా చదునుగా లేదు, చిన్నగా, మందంగా, అంచు వంకరగా ఉంది. దాని మీద బొమ్మే లేదు. రెండు వైపులా తీగలు తీగలుగా అక్షరాలు, అవి కూడా సగం సగం.

మా రూమ్మేట్ పాతబస్తీవాడు, ఉర్దూ బాగా చదువుతాడు. వాడికి చూపిస్తే ముందు "అరె, ఏం లేదు, చిటికెలో చదివేస్తా" అన్నాడు. మూడు రోజులు పట్టింది. నాణెం మీద పారశీక అక్షరాలు పుస్తకంలో లాగా వరసగా ఉండవు. ఉన్న గుండ్రటి జాగాలోకి ఒకదాని మీద ఒకటి పేర్చుతారు. చాలా చోట్ల కింది వరస నుంచి పైకి చదువుకుంటూ పోవాలి. దానికి తోడు ఇది సుత్తితో కొట్టిన నాణెం. అచ్చు పెద్దది, వెండి బిళ్ల చిన్నది. అందుకని ఏ నాణెం మీదా పూర్తి రాత పడదు. ఒకదాని మీద సంవత్సరం పడుతుంది, ఊరి పేరు అంచు దాటిపోతుంది. ఇంకోదాని మీద ఊరు ఉంటుంది, సంవత్సరం ఉండదు. పది నాణేలు పక్కపక్కన పెట్టుకుంటే గాని ఒక అచ్చు పూర్తిగా తెలియదు. డేటా సగం పోయిన సిగ్నల్‌ని తిరిగి కట్టడం ఎలాగో మనకి ఐదో సెమిస్టర్‌లో చెబుతారు గదా, నాకు అది ఈ రూపాయి ముందే నేర్పింది.

మా నాణెం మీద ముందు తేలింది ఒక అంకె, 92. అదేం సంవత్సరమని చాలాసేపు తల పట్టుకున్నాం. సంవత్సరం కాదది. అరబ్బీ అక్షరాలకి విలువలున్నాయి. మీమ్ 40, హా 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. కలిపితే 92, అంటే ముహమ్మద్ అనే పేరు. మన సంగీతంలో మేళకర్త రాగం పేరులోంచి దాని నంబర్ తీసే కటపయాది లాంటి పద్ధతే. ఇంతకీ ఆ అంకె ఎందుకు వచ్చిందంటే, 1857 దాకా నిజాములు కూడా రూపాయి మీద ఢిల్లీ మొగలు పాదుషా పేరే వేసేవాళ్లు. ఇక్కడ స్వంతంగా ఏలుతున్నా నాణెం మీద మర్యాద పాదుషాకే. సిపాయిల తిరుగుబాటు అణిచేశాక బహదూర్‌షాని రంగూన్ పంపేశారు, ఇక వేయడానికి పాదుషా లేడు. అప్పుడు ఆసఫ్‌జా బిరుదు, దాంతోపాటు ఈ 92 వచ్చాయి. ఆ ఒక్క అంకెని బట్టే మా నాణెం ఆ తిరుగుబాటు తర్వాతిదని తేలిపోయింది.

రెండోవైపు అంచులో నాలుగు అంకెలు పడ్డాయి. పారశీక అంకెలు నేర్చుకోవడం అరగంట పని. నిలువు గీత 1, చుక్క సున్నా, ఇంగ్లీష్ వి లాంటిది 7, దాన్ని తలకిందులు చేస్తే 8, తలకిందులైన గుండె బొమ్మలా ఉండేది 5. మా నాణెం మీద 1285. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం కాబట్టి మన ఏడాది కన్నా 11 రోజులు తక్కువ. 0.97తో గుణించి 622 కలిపితే సుమారుగా ఇంగ్లీష్ సంవత్సరం వస్తుంది. 1868. మా అమ్మమ్మ వాళ్ల అమ్మ పుట్టడానికి చాలా ముందు, ఎవడో ఒక టంకసాల కూలీ సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు, అచ్చు కొంచెం పక్కకి జరిగింది. ఊరి పేరు ఉండాల్సిన చోట అంచు వచ్చేసింది.

ఎక్కడ కొట్టారు, ఎప్పుడు కొట్టారు అనే రెండు ముక్కలు నాణెం మీద రాయాలన్న పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చదివాను. డమాస్కస్‌లో ఖలీఫా అబ్ద్ అల్ మలిక్ 690లలో నాణేల మీద బొమ్మలన్నీ తీసేయించాడు. అంతకుముందు రోమన్ పద్ధతిలో, పారశీక పద్ధతిలో రాజుగారి తలలు ఉండేవి. ఆయన దిర్హం మీద అక్షరాలే. 3 గ్రాములు కూడా లేని పల్చటి వెండి బిళ్ల మీద దేవుడి మాట, కొట్టిన ఊరు, కొట్టిన సంవత్సరం. ఆ దిర్హాలు వ్యాపారుల సంచుల్లో పడి స్వీడన్ దాకా పోయాయి. అక్కడ పొలాల్లో ఇప్పటికీ వేలకొద్దీ దొరికాయి. అరబ్బీ ఒక్క ముక్క రాని ఊళ్లో పూడ్చిపెట్టిన కుండలోంచి తీసినా, ఇది బాగ్దాదుది, ఇది సమర్కండుది, ఫలానా సంవత్సరంది అని చెప్పేయొచ్చు. మన చార్మినార్ రూపాయి మీద బొమ్మ తిరిగొచ్చింది గాని, వెనకవైపు ఊరు, సంవత్సరం పోలేదు. దండలో 1330 అని ఉన్నది ఒకటుంది. అంటే 1912 ప్రాంతం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన కొత్తలో. చార్మినార్ తలుపు మధ్యలో ఒక చిన్న అక్షరం ఉంటుంది, భూతద్దం పెడితే కనిపిస్తుంది. అది ఐన్, ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. మహబూబ్ అలీ కాలంవాటిలో అక్కడ మీమ్ ఉంటుంది. ఇలాంటివి తెలిశాక చేతిలో పడ్డ రూపాయిని ఊరికే జేబులో వేసుకోలేం.

ఇవన్నీ నేను అమ్మమ్మకి గొప్పగా చెబుతుంటే ఆవిడ వింటూ వింటూ, "ఇది ఇవతలి రూపాయి, ఇది అవతలి రూపాయి" అని దండని రెండు భాగాలు చేసింది. చార్మినార్లు ఒక పక్క, రాణులు రాజులు ఒక పక్క. ఇవతల అంటే తమ ఒడ్డు. అవతల అంటే గోదావరి అవతల, కూనవరం వైపు.

అప్పుడు వెలిగింది నాకు. 1860 ఒప్పందంలో నిజాం భద్రాచలం, రేకపల్లి తాలూకాలని ఇంగ్లీషువాళ్లకి ఇచ్చేశాడు. అంటే ఏటికి ఉత్తరపు ఒడ్డున రాముడి గుడి, కూనవరం, చింతూరు అన్నీ ఇంగ్లీషువాళ్ల లెక్కలోకి పోయాయి. దక్షిణపు ఒడ్డున బూర్గంపాడు, వేలేరుపాడు, కుక్కునూరు నిజాంవే. దాదాపు నూరేళ్ల పాటు మన గోదావరి రెండు రాజ్యాల సరిహద్దు, రెండు రూపాయల సరిహద్దు కూడా. నిజాం రూపాయిని హాలీ సిక్కా అనేవాళ్లు, ఇంగ్లీషు రూపాయిని కల్దార్ అనేవాళ్లు. హాలీ 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి 82. కల్దార్ 11.66 గ్రాములు, వెండి నూటికి దాదాపు 92. అందుకే మారకం ఆరుకి ఏడు. ఆరు కల్దార్లిస్తే ఏడు హాలీలు.

ఇది పుస్తకంలో చూసి అమ్మమ్మని పరీక్ష పెట్టినట్టు అడిగాను, ఇవతలివి ఎన్నిస్తే అవతలివి ఎన్నొచ్చేవని. "ఆరుకేడు గదరా" అంది, ఏదో ఎక్కం అప్పజెప్పినట్టు. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడే హాలీ చెల్లకుండా పోతూ వచ్చింది, 1959 కల్లా పూర్తిగా ఆగిపోయింది. ఆవిడ ఆ మారకం ఎన్నడూ చేసి ఉండదు. వాళ్లమ్మ చింతపండు, ఇప్పపువ్వు గంపలు నాటుపడవలో పెట్టుకుని అవతలి సంతకి పోయి అమ్ముకొచ్చేదట. పడవ దిగగానే ఆరుకేడు లెక్క తెలియకపోతే షావుకారు ముంచేస్తాడు. అందుకే కూతుళ్లకి అదే ముందు నేర్పింది. ఆ 9 కల్దార్లు అలా వచ్చినవి. ఖర్చు పెట్టకుండా మెడలో వేసుకుంది, ఎందుకంటే ఇవతల ఒడ్డున అవి మార్చుకుంటేగాని చెల్లవు, పైగా వెండి మంచిది.

నేను చదివిన ఏ జాబితాలోనూ ఈ దండ లాంటి వస్తువుకి విలువ కట్టలేదు. కొండీ టంకం వేసిన నాణేన్ని సేకరణవాళ్లు "పాడైపోయింది" అంటారు, ధర సగానికి పడిపోతుంది. వాళ్ల లెక్క వాళ్లది, నాణెం ఒంటరిగా ఎంత శుభ్రంగా ఉందో వాళ్లు చూస్తారు. కానీ 13కి 9 అనే ఆ పాళ్లు, అవి ఒకే దారానికి ఉండటం, అదే కదా ఇక్కడ సంగతంతా. విడదీస్తే 23 మామూలు రూపాయలు. ఏ ఒక్కటీ అరుదైనది కాదు.

విడదీసే రోజు రానే వచ్చింది. వెండి కిలో లక్ష దాటిన రోజుల్లో మామయ్య ఫోన్ చేశాడు. ముంపు ఊరు వదిలి కాలనీలోకి వచ్చాక ఇంటి పని సగంలో ఆగింది, దండ అమ్ముదామని. తప్పని నేనెలా అంటాను? ఆ ఇంట్లో ఉండేది ఆయన, నేను సెలవులకి వెళ్లి రెండు రోజులు ఉండేవాణ్ణి. టౌన్‌లో ఒక కొట్టులో చూపిస్తే మొత్తం తూకం 256 గ్రాములు వచ్చింది. నిజాం వెండి నాసిరకం, కరిగిస్తే నూటికి 60 కన్నా రాదు, అన్నింటికీ అదే లెక్క అన్నాడట. అంటే 154 గ్రాముల డబ్బు. కొట్టువాడిది పూర్తిగా అన్యాయం అనలేను. 1940 తర్వాత ఇంగ్లీషు రూపాయిలో కూడా వెండి సగానికి దింపేశారు, రెండో ప్రపంచ యుద్ధం ఖర్చులు. చూడకుండా కొనేవాడు భయపడతాడు. కానీ మా నాణేల మీద సంవత్సరాలున్నాయి. అన్నీ అంతకు ముందువే.

చదివి చెబితే నమ్మరు కాబట్టి తూచి చెప్పాలనుకున్నాను. కొండీ ఊడిన ఆ రెండింటినీ కాలేజీకి తెచ్చాను, అదృష్టం కొద్దీ ఒకటి హాలీ, ఒకటి కల్దార్. కెమిస్ట్రీ ల్యాబ్‌లో మిల్లీగ్రాము దాకా తూచే త్రాసు ఉంది. సన్నటి దారంతో నాణేన్ని వేలాడదీసి ఒకసారి గాలిలో, ఒకసారి నీళ్లలో తూచాలి. ఆర్కిమెడీస్ పద్ధతి, ఎనిమిదో తరగతిది. హాలీ గాలిలో 11.052, నీళ్లలో 9.968. సాంద్రత 10.17. కల్దార్ గాలిలో 11.498, నీళ్లలో 10.389. సాంద్రత 10.34. శుద్ధ వెండి 10.49, రాగి 8.96. నూటికి 82 వెండి, మిగతా రాగి అయితే కాగితం మీద రావాల్సింది 10.17. నూటికి 92కి 10.34. ల్యాబ్ అసిస్టెంట్ సార్ ముందు విసుక్కున్నారు గాని రెండో అంకె కూడా సరిపోయేసరికి ఆయనే ఇంటి నుంచి ఒక పాత రూపాయి తెచ్చి తూయమన్నారు. (చేసి చూడాలనుకునేవాళ్లకి ఒక మాట. నాణేనికి నీటి బుడగ ఒక్కటి అంటుకున్నా లెక్క పోతుంది. పది మిల్లీగ్రాముల త్రాసు అయితే ఈ రెండు రూపాయల తేడా పట్టదు, దొంగ నాణేన్ని మాత్రం పట్టిస్తుంది.)

ఆ లెక్కన దండలో వెండి 220 గ్రాముల దగ్గర ఉంది, 154 కాదు. తేడా ఆరు వేల పైన. కాగితం మీద వేసి, సంవత్సరాలు రాసి మామయ్యకి పంపాను. ఆయన వేరే కొట్టుకి తీసుకెళ్లాడు, రెండు గుట్టలుగా తూయించాడు, అవతలివి వేరు, ఇవతలివి వేరు.

అమ్మిందేమిటో నిర్ణయించింది మాత్రం అమ్మమ్మ. నేను చార్మినార్లు ఉంచుకుంటుందేమో అనుకున్నాను. అవతలివి ఉంచుకుంది. "అవి మా అమ్మ సంపాదించినయి. ఇవి మా అయ్య వాళ్లు పెట్టినయి" అంది. 11 చార్మినార్లు కరగడానికి పోయాయి, ఒక గదికి స్లాబు పడింది. నాకు ఒక చార్మినార్ ఇచ్చింది, ఐన్ ఉన్నది. ల్యాబ్‌లో తూచిన హాలీ మా రూమ్మేట్‌కి ఇవ్వమంది, చదివిపెట్టినందుకు. సుత్తి రూపాయి, 9 కల్దార్లు కొత్త దారానికి గుచ్చుకుంది. పాతదాన్లో సగం కూడా లేదు. మెడకి బిగుతుగా ఉందని పక్కింటావిడ అంటే, "నేనూ చిక్కినా గదా" అంది.

ఆ సంగతి కాలనీలో పాకి, నేను పాత నాణేలు చదువుతానని పేరొచ్చింది. దాంతోపాటు ఇంకో రకం మనుషులు రావడం మొదలైంది. మన వైపు అడవి ఊళ్లలో లంకెబిందెల పిచ్చి ఎంతుందో మీలో ఖమ్మం, కొత్తగూడెం నుంచి వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు. అమావాస్య రాత్రి పాడుబడ్డ శివాలయంలో నంది కింద తవ్వుతారు. బంగారం దొరకదు, నంది విరుగుతుంది. పోయిన సంక్రాంతికి ఒకాయన గుడ్డ మూట తెచ్చి విప్పాడు. ఆరు వెండి నాణేలు, తడి మట్టి ఇంకా అంటుకునే ఉంది. మందంగా, చిన్నగా, ఒకదాని మీద పాదుషా బిరుదులోని రెండు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. హైదరాబాద్ రూపాయల కన్నా పాతవి. చెయ్యి వణికిందంటే నమ్మండి. "ఎక్కడ దొరికినయి మామా?" అన్నాను. "అది నీకెందుకు, ఎంతిస్తవో చెప్పు" అన్నాడు.

నాకు కావలసింది అదొక్కటే అని ఆయనకి ఎలా చెప్పను? ఏ ఊళ్లో, కుండలోనా, గోడలోనా, ఎన్నింటితో కలిసి? ఔరంగజేబు రూపాయి ఈ అడవిలోకి ఎంత లోపలికి వచ్చిందో, ఏ దారిన వచ్చిందో చెప్పగలిగింది ఆ ముక్కే. అది లేకపోతే అవి నెట్‌లో కొన్ని వేలకి దొరికే నాణేలే. కొననన్నాను. 1878 నాటి నిధుల చట్టం గురించి చెప్పాను. పది రూపాయల విలువ దాటింది భూమిలో దొరికితే కలెక్టర్‌కి తెలపాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి గలవాడికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకి ఐదో వంతు కలిపి ఇవ్వాలి. కొట్టువాడు తరుగు తీస్తాడు మామా, చట్టం కలిపిస్తుంది అన్నాను. ఆయన నా మొహం కేసి జాలిగా చూశాడు. కలెక్టరాఫీసు అంటే ఆయన తిరిగి తిరిగి అరిగిన చెప్పులు గుర్తొచ్చి ఉంటాయి. ఆ ఊళ్లలో అందరికీ అలాగే ఉంటుంది, పరిహారం ఫైళ్లతో పదేళ్లు గడిపినవాళ్లు. మూట కట్టుకుని వెళ్లిపోయాడు. ఫోటో కూడా తీసుకోనివ్వలేదు.

మన బ్యాచ్‌లో కనీసం ముప్పై మంది గోదావరి రెండు ఒడ్డుల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. ఈసారి ఇంటికెళ్లినప్పుడు నానమ్మ పెట్టె తెరిపించండి. దండ ఉంటే విప్పొద్దు, పులిసిన చింతపండుతో తోమొద్దు, అలాగే పరిచి రెండు వైపులా ఫోటో తీయండి. ఊరి పేరు, ఏ ఒడ్డు, దండ ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. నాకు పంపితే అవతలివి ఎన్ని, ఇవతలివి ఎన్ని అని ఒక పట్టిక వేస్తున్నాను. ఇప్పటికి నాలుగు దండలే ఉన్నాయి. వాటిలో ఒకటి దుమ్ముగూడెం వైపుది, అంటే ఉత్తరపు ఒడ్డుది. దాన్లో కల్దార్లు 17, హాలీ ఒక్కటే. ఆ ఒక్కటీ సుత్తి రూపాయే. దాని మీద సంవత్సరం పడలేదు గాని, అంచున సగం తెగినా, హైదరాబాద్ అనే మాట మాత్రం ఉంది.